పదానికి కళ్లిచ్చిన అవ్వ

తండాలో పుట్టి మైసూరు ఆస్థానాన వెలిగిన వెంకటలక్షమ్మ
96 ఏళ్ల జీవితం.. నాట్యానికీ, పాఠాలకూ అంకితం
క్షేత్రయ్య పదాలకు కన్నడనాట నీడనిచ్చిన గురుపరంపర

బెంగళూరు: పుట్టింది కడూరు దగ్గర లంబాడీ తండాలో. ఎదిగింది మైసూరు రాజాస్థానంలో. చదువుకున్నది సంస్కృతం. చుట్టూ వినిపించింది కన్నడం. మరి కళ్లతో, చేతివేళ్లతో పలికించి పండితుల చేత భళా అనిపించుకున్నదో? మన తెలుగు పదాలు, జావళీలు!

ఆమె కె.వెంకటలక్షమ్మ. 1906 మే 29న పుట్టి, 2002 జులై 1న కన్నుమూశారు. మైసూరు బాణీ భరతనాట్యం అనగానే పెద్దలు మొదట తలచుకునే పేరు ఆమెదే. నాట్యకళాకారిణిగా ఎంత పేరు వచ్చిందో, టీచరమ్మగా అంతకు రెండింతలు వచ్చింది. చివరి రోజుల్లో శిష్యురాళ్లకు ఆమె గురువు కంటే అవ్వే ఎక్కువ.

బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లలో చాలామంది ఇళ్లలో ఓ ఆడపిల్లయినా గజ్జె కట్టుకుని శని, ఆదివారాల్లో నాట్యం క్లాసుకు వెళ్తుంటుంది. ఆ పిల్ల ఎప్పుడో ఒకరోజు 'మువ్వగోపాల' అన్న మాటకు చేతులతో వేణువు పడుతుంది. కృష్ణా జిల్లా మొవ్వ ఊరి గోపాలుడు కావేరి ఒడ్డు దాటి ఈ పిల్ల వేళ్లలోకి ఎలా వచ్చాడు? ఆ దారి వెంట నడిస్తే మధ్యలో కనిపించే ఇల్లు వెంకటలక్షమ్మదే.

తండా నుంచి జట్టి ఇంటికి..

చిక్కమగళూరు జిల్లా కడూరు దగ్గర తంగలి తండా. కర్ణాటకలో లంబాణీలంటారు, మన అనంతపురం, కదిరి వైపు సుగాలీలంటారు, తెలంగాణలో లంబాడీలంటారు. పేరేదైనా మనుషులు ఒకటే. అద్దాల రవికెలు, పూసల కుట్టుపని, పండగొస్తే వలయంగా తిరిగి ఆడే ఆటా పాటా. అలాంటి కుటుంబంలో పుట్టిన వెంకటలక్షమ్మ ఎనిమిదో ఏట నాట్యం నేర్చుకోవడం మొదలుపెట్టారు.

ఆమెకు దొరికిన గురువు మామూలు గురువు కాదు. నాట్యసరస్వతి జట్టి తాయమ్మ. జట్టి అంటే మల్లయోధుడు. తెలుగులోనూ జెట్టి అంటాం కదా, అదే మాట. తాయమ్మ తండ్రి దాసప్ప మైసూరు ఆస్థానంలో పేరున్న మల్లుడు. వస్తాదు ఇంట పుట్టిన కూతురు కండబలం కాదు, కంటిబలం నమ్ముకుంది. అభినయంలో ఆమెను మించినవాళ్లు లేరని మైసూరు పండితులే ఒప్పుకున్నారు.

తాయమ్మ పుట్టింది 1857లో. అంటే ఎనిమిదేళ్ల వెంకటలక్షమ్మ వచ్చి పాదాలకు మొక్కేనాటికి ఆమెకు 57 ఏళ్లు. అవ్వ వయసు. ఆ లెక్కన పాఠం మొదలైందే అవ్వా మనవరాళ్ల వరసలో. కాళ్లు కాస్త నెమ్మదించే వయసులో గురువు దగ్గర మిగిలేది, పదునెక్కేది అభినయమే. పిల్లకు అబ్బిందీ అదే.

పన్నెండో ఏట రంగప్రవేశం అయింది. అక్కడితో 'నేర్చుకోవడం అయిపోయింది' అనుకోలేదు. ఆ తర్వాత దాదాపు 30 ఏళ్ల పాటు గురువు పక్కనే నిలబడి ఆడారు. 1947లో తాయమ్మ 90వ ఏట కన్నుమూసేదాకా ఆ బంధం తెగలేదు. రెండేళ్లకే అరంగేట్రం, మూడో ఏడు సొంత స్కూలు బోర్డు అనుకునే వాళ్లకు ఈ లెక్క నమ్మశక్యం కాదు.

ఒక్క నాట్యమే కాదు..

నాట్యం నేర్చుకుంటే చాలదన్నది మైసూరు పద్ధతి. వెంకటలక్షమ్మ ఆస్థాన విద్వాంసులు దేవోత్తమ జోయిస్, శాంతాశాస్త్రి, గిరిభట్టుల దగ్గర సంస్కృతం చదువుకున్నారు. బి.దేవేంద్రప్ప, సి.రామారావుల దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. దేవేంద్రప్ప ఎవరో కాదు, మైసూరు సంగీత దిగ్గజం బిడారం కృష్ణప్ప శిష్యుడు.

ఎందుకింత చదువు? అమరుక శతకంలో ఓ శ్లోకం అభినయించాలంటే అందులో నాయిక కోపంగా ఉందా, కోపం నటిస్తోందా తెలియాలి. లీలాశుకుడి కృష్ణకర్ణామృతం పట్టాలంటే చిన్నికృష్ణుడి అల్లరి వెనక దేవుడు కనపడాలి. జయదేవుడి అష్టపది అయినా, కులశేఖరుడి ముకుందమాల అయినా అంతే. మాట అర్థం కానిదే ముఖం మీద భావం పుట్టదు. పుట్టినా అది అతికించిన నవ్వులాగే ఉంటుంది.

1939లో నాలుగో కృష్ణరాజ ఒడెయరు ఆమెను ఆస్థాన విదుషిగా నియమించారు. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు. మరుసటి ఏడు ఆయన కాలం చేశారు. తర్వాత గద్దెనెక్కిన జయచామరాజేంద్ర ఒడెయరు స్వయంగా కృతులు రాసిన సంగీతజ్ఞుడు. ఆయన హయాంలోనూ వెంకటలక్షమ్మ కొలువు సాగింది.

తెలుగు పదం మైసూరెలా చేరింది?

క్షేత్రయ్యది 17వ శతాబ్దం. ఊరు మొవ్వ. ఇప్పటి కూచిపూడి కూడా మొవ్వ మండలంలోదే. ఆయన నాలుగు వేలకు పైగా పదాలు రాశారని ప్రతీతి. ఇప్పుడు దొరుకుతున్నవి కొన్ని వందలే. తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువులో ఆయనకు గొప్ప ఆదరణ దక్కింది. ఆ కాలంలో దక్షిణాది ఆస్థానాల్లో సంగీతానికీ, నాట్యానికీ తెలుగే రాజభాష.

పదాల మూట దించిన మరో ఊరు మన చిత్తూరు జిల్లా కార్వేటినగరం. వేణుగోపాలుడి ముద్రతో పదాలు కట్టిన సారంగపాణి అక్కడివాడే. చిత్తూరు వాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన పేరు.

తంజావూరు సోదరులు నలుగురిలో ఒకడైన చిన్నయ్య మూడో కృష్ణరాజ ఒడెయరు కాలంలో మైసూరు ఆస్థానానికి వచ్చారు. జావళీ అనే కొత్త పాట రూపుదిద్దుకోవడంలో మైసూరుకు పెద్ద వాటా ఉంది. పదం నిదానంగా నడిచే గజరాణి అయితే జావళీ చిలిపిగా గెంతే లేడిపిల్ల. తెలుగు జావళీల్లో మకుటం లాంటి పేరు ధర్మపురి సుబ్బరాయర్‌ది. ఆయన హోసూరు తాలూకా ఆఫీసులో కొలువు చేశారని చెబుతారు. బెంగళూరుకు పట్టుమని 40 కిలోమీటర్లు లేని హోసూరు! అంటే జావళీ మనకు ఎక్కడో దూరాన పుట్టిన పాట కాదు. పొరుగూరి పాట.

మైసూరు వాసుదేవాచార్య లాంటి కన్నడనాటి వాగ్గేయకారుడు తెలుగులోనూ కృతులు రాశారు. ఆ గాలి పీల్చిన ఆస్థానం అది. అక్కడ కొలువైన నాట్యకత్తెకు తెలుగు పదం పరాయి సొత్తు కాదు. పుట్టింటి నుంచి రాకపోయినా అత్తింటి నగలాగా భద్రంగా వేసుకున్నారు.

ఒక్క మాట.. పది ముఖాలు

అభినయం అంటే ఏమిటి? తెలియనివాళ్లకు తేలిగ్గా చెప్పాలంటే..

'ఇంత ఆలస్యమైందేం?' ఇది మనం రోజూ అనే మాటే. అమ్మ అంటే అందులో కంగారు ఉంటుంది. కొత్త పెళ్లికూతురు అంటే బెంగ ఉంటుంది. పదేళ్లు కాపురం చేసిన ఇల్లాలు అంటే నిలదీత ఉంటుంది. ఎక్కడి నుంచి వస్తున్నాడో తెలిసిన ఆడది అంటే.. మాటలో తేనె, కంట్లో నిప్పు! మాట ఒక్కటే. ముఖాలు వేరు.

పదంలో ఓ చరణాన్ని గాయకులు పదేపదే పాడుతుంటారు. పాట మారదు. నాట్యకత్తె ముఖంలో మాత్రం ప్రతిసారీ కొత్త కథ నడుస్తుంది. వీటినే సంచారులంటారు. ఒకసారి తలుపు దగ్గర ఎదురుచూపు, ఇంకోసారి దీపం సరిచేయడం, మరోసారి వాడిపోయిన పూలు తీసి పక్కన పెట్టడం. ఏది ఎక్కడ పెట్టాలో తెలియడమే విద్వత్తు. పెట్టకూడని చోట ఆగిపోవడం అంతకు మించిన విద్వత్తు.

స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక. శాస్త్రం చెప్పిన నాయికలు ఎనిమిది మంది. పేర్లు బట్టీ పట్టడం ఒక వారం పని. ఆ ఎనిమిది మందినీ ఒకే ముఖం మీద, నగలూ వేషమూ మార్చకుండా చూపించడం ఒక జీవితం పని. మైసూరు బాణీకి ప్రాణం ఇదే. అడుగుల ఆర్భాటం కంటే అభినయానికి ఎక్కువ పీట వేస్తుంది. కూర్చుని కూడా గంటల తరబడి సభను కట్టిపడేయొచ్చని తాయమ్మ పరంపర నిరూపించింది.

శృంగారమా? భక్తా?

ఇక్కడే చాలామందికి సందేహం. పదాల నిండా శృంగారమే కదా, భక్తి ఎక్కడుంది అని.

క్షేత్రయ్య పదాల్లో ఎక్కువగా కనిపించే నాయకుడు మువ్వగోపాలుడు. అలిగినా ఆయన మీదే, తిట్టినా ఆయన్నే, పిలిచినా ఆయన్నే. జీవుడు దేవుడి కోసం పడే తపన ఆ పేరుతో బయటికి వస్తుంది. ముకుందమాల శ్లోకానికి చేతులు జోడించిన నాట్యకత్తే మరుక్షణం పదంలో గోపాలుడి మీద అలిగి ముఖం తిప్పుకుంటుంది. మైసూరు కచేరీలో ఈ రెండూ పక్కపక్కనే నడిచాయి. ఒకటి గుడి, ఒకటి ఇల్లు కాదు. రెండూ గుడే. ఆ నమ్మకం లేకపోతే పదం ఒట్టి సరసపు పాట అయిపోతుంది. ఆ నమ్మకం ఉంటే వయసు అడ్డు రాదు. మనవరాళ్లున్న పండుముసలమ్మ పదహారేళ్ల ముగ్ధ సిగ్గును చూపిస్తే సభ నవ్వదు, చేతులు జోడిస్తుంది.

ఈ సందేహానికి గట్టి జవాబు చెప్పిన మరో మైసూరు సీమ ఆడబిడ్డ బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో నంజనగూడులో పుట్టి, 1952లో కన్నుమూసిన ఆమె తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరాన్ని తన సొమ్ముతో కట్టించిన మహాభక్తురాలు. ఆమే ముద్దుపళని రాసిన శృంగార కావ్యం 'రాధికా సాంత్వనము'ను 1910లో పరిష్కరించి అచ్చు వేయించారు. అప్పటి ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు హయాంలో ఆ నిషేధం తొలగింది. రామభక్తికీ శృంగార కావ్యానికీ మధ్య ఆమెకు గోడ కనిపించలేదు. వెంకటలక్షమ్మ పరంపరదీ అదే తోవ.

గజ్జె చప్పుడే తప్పయిన రోజులు

ఇదంతా సాఫీగా సాగిపోయిన కథేమీ కాదు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడే నాట్యానికి చెడ్డరోజులు మొదలయ్యాయి. ముజరాయి గుళ్లలో దేవదాసీల సేవలను మైసూరు సర్కారు 1909లో ఆపేసింది. ఇటు ఆంధ్ర దేశంలో కందుకూరి వీరేశలింగం పంతులు మొదలుకొని ఎందరో భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమించారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో దేవదాసీ నిషేధ చట్టమే వచ్చింది.

ఆడపిల్లలను గుడికి అంకితం చేసి వాళ్ల బతుకులతో ఆడుకోవడం ఆగాల్సిందే. అందులో రెండో మాట లేదు. అయితే ఆ వేడిలో కళ కూడా కాలిపోయే పరిస్థితి వచ్చింది. తరతరాలుగా పదాలు, జావళీలు నోటికి వచ్చిన ఆడవాళ్లు గజ్జెలు మూటగట్టి అటక మీద పెట్టేశారు. 'మా అమ్మ ఆడేది' అని చెప్పుకోవడానికి కూడా పిల్లలు సిగ్గుపడ్డారు. 1932లో మద్రాసు సంగీత అకాడమీ ఈ నాట్యానికి భరతనాట్యం అనే పేరును ఖాయం చేసింది. కొత్త పేరుతో పెద్దింటి ఆడపిల్లలు వేదికెక్కారు. పాత విద్య ఎవరి దగ్గరుందో వాళ్లు మాత్రం చాలాచోట్ల మరుగున పడ్డారు.

మైసూరులో తాయమ్మ, వెంకటలక్షమ్మ నిలబడ్డారంటే ఆస్థానం అండ ఒక కారణం. వాళ్ల మొండితనం ఇంకో కారణం. రాజ్యాలు పోయాక ఆ అండ కూడా కరిగిపోయింది. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే. నేర్పించడం!

అరమనె నుంచి విశ్వవిద్యాలయానికి

ఆస్థానం కొలువు తర్వాత వెంకటలక్షమ్మ మైసూరులో 'భారతీయ నృత్య నికేతన' పేరిట సొంత పాఠశాల పెట్టారు. 1965లో మైసూరు విశ్వవిద్యాలయంలో నాట్య విభాగం మొదలైంది. దానికి తొలి రీడరుగా ఎవరిని తీసుకోవాలి? పిలుపు వెంకటలక్షమ్మకే వచ్చింది.

అప్పటికి ఆమెకు 59 ఏళ్లు. మామూలు ఉద్యోగులు రిటైరయ్యే వయసులో ఆమెకు కొత్త ఉద్యోగం. తండాలో పుట్టి, గురువు ఇంటి నేల మీద కూర్చుని నేర్చుకున్న విద్యతో విశ్వవిద్యాలయం గడప ఎక్కి పాఠం చెప్పారు. తొమ్మిదేళ్లు పనిచేసి 1974లో, 68వ ఏట విరమించారు. మూడేళ్లు తిరిగేసరికి అదే విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటుతో సత్కరించింది.

పాఠం అంటే ఆమె దగ్గర నల్లబల్ల, సుద్దముక్క కాదు. ఎదురుగా కూర్చున్న పిల్ల ముఖమే పలక. సంగీతానికి స్వరం రాసిపెట్టుకోవచ్చు. అడుగులకు జతులు రాసిపెట్టుకోవచ్చు. కనుబొమ ఎంత ఎత్తాలో, చూపు ఎక్కడ వాలాలో ఏ నోటుబుక్కులో రాస్తారు? అది ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి దీపం నుంచి దీపం వెలిగించినట్లు వెళ్లాల్సిందే. మధ్యలో ఒక్క తరం చేయి చాచకపోతే అక్కడికి ఆరిపోతుంది. అందుకే ఆమె వెలిగించే పని ఆపలేదు.

మనవరాలి చేయూత

ఉద్యోగం నుంచి తప్పుకున్నాక నృత్య నికేతన బాధ్యతల్లో ఆమెకు సొంత మనవరాలే తోడు నిలిచింది. అవ్వ కూర్చుని అభినయం చెబితే మనవరాలు నిలబడి సాయం పట్టేది. అరవై ఏళ్ల క్రితం తాయమ్మ దగ్గర ఏ వరసలో పాఠం మొదలైందో, ఈ ఇంట్లో మళ్లీ అదే వరసలో సాగింది. అప్పుడు ఈమె మనవరాలు. ఇప్పుడు ఈమే అవ్వ.

అవ్వ దగ్గర కథ విన్న పిల్లకూ, పుస్తకంలో చదివిన పిల్లకూ తేడా ఉంటుంది. అవ్వ ఆగిన చోట పిల్ల ఊపిరి బిగబడుతుంది. అవ్వ కళ్లు పెద్దవైతే పిల్ల కళ్లూ పెద్దవవుతాయి. అభినయం మొదటి పాఠం నిజానికి ప్రతి ఇంట్లో అవ్వ ఒళ్లోనే జరుగుతుంది. వెంకటలక్షమ్మ చేసిందల్లా ఆ ఒడిని శాస్త్రం దాకా పరచడమే.

ఆమె బతుకు.. అంకెల్లో

- 1906: కడూరు దగ్గర తంగలి తండాలో జననం
- 1939: మైసూరు ఆస్థాన విదుషి
- 1964: కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం
- 1965: మైసూరు విశ్వవిద్యాలయం నాట్య విభాగంలో తొలి రీడరు
- 1976: కర్ణాటక సంగీత నృత్య అకాడమీ పురస్కారం
- 1977: మైసూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు
- 1992: పద్మభూషణ్
- 1995: కర్ణాటక ప్రభుత్వ నాట్యరాణి శాంతలా పురస్కారం
- 2001: హంపి కన్నడ విశ్వవిద్యాలయం నాడోజ గౌరవం
- 2002: 96వ ఏట కన్నుమూత

ఇందులో శాంతలా పురస్కారం ప్రత్యేకం. శాంతల హొయసల రాజు విష్ణువర్ధనుడి పట్టపురాణి, నాట్యంలో దిట్ట. ఆమె పేరుతో ముడిపడిన బేలూరు శిల్పాలు, వెంకటలక్షమ్మ పుట్టిన కడూరు సీమకు పొరుగునే ఉన్నాయి. రాణి పేరిట ఇచ్చే గౌరవం తండా బిడ్డను వెతుక్కుంటూ వచ్చింది.

బెంగళూరుకు వచ్చిన బాణీ

మైసూరులో దాచిన సొమ్మును బెంగళూరులో పంచిపెట్టిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు లలితా శ్రీనివాసన్. ఆమె మొదట బెంగళూరులో కేశవ నృత్యశాల గురువు హెచ్.ఆర్.కేశవమూర్తి దగ్గర నేర్చుకున్నారు. తర్వాత వెంకటలక్షమ్మ దగ్గర మైసూరు బాణీ అభినయం పట్టారు. 1978లో 'నూపుర' పేరుతో బెంగళూరులో నాట్య పాఠశాల నెలకొల్పారు. మరుగున పడుతున్న మైసూరు పద్ధతిని వేదిక మీదికి మళ్లీ తీసుకొచ్చిన ఘనత ఆమెకు దక్కుతుంది. నూపుర ఆధ్వర్యంలో సాగిన 'నిత్యనృత్య' ఉత్సవాలు బెంగళూరు రసికులకు బాగా తెలిసినవే.

ఇలా ఒక్కో శిష్యురాలు ఒక్కో పాయ. ఆ శిష్యురాళ్లకు శిష్యురాళ్లు. తమ గురువుకు గురువు ఎవరో, ఆ గురువు చేతి మీదుగా వచ్చిన జావళీ ఏదో తెలియకుండానే ఎంతోమంది పిల్లలు ఆడుతుండొచ్చు. నది పేరు తెలియకుండా నీళ్లు తాగినట్లు.

తెలుగింటి పిల్లలకే అందని తెలుగు

ఇప్పుడు అసలు సంగతి. పదం బతికింది. బాణీ బతికింది. మరి అందులోని మాట?

బెంగళూరులో పెరుగుతున్న తెలుగు పిల్లలకు బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం, హిందీ. ఇంట్లో 'అన్నం తిన్నావా', 'నిద్రపోయావా' వరకే తెలుగు. క్షేత్రయ్య పదాల బలమేమో పలుకుబడిలోనే ఉంది. అవి పండిత భాషలో రాసినవి కావు. ఇంటి ముంగిట్లో ఆడవాళ్లు మాట్లాడుకునే తెలుగు.

ఉదాహరణకు 'దయచేయండి' అన్న మాట తీసుకోండి. గుమ్మంలో అతిథి కనిపించగానే అంటే 'లోపలికి రండి' అని. 'ఇక దయచేయండి' అంటే 'బయటికి నడవండి' అని! ఎప్పుడూ 'ఏరా' అని పిలిచే మనిషిని ఓ ఉదయం 'తమరు' అని పలకరించిందంటే అది మర్యాద కాదు, చెంపపెట్టు. ఖండిత నాయిక కోపమంతా ఇలాంటి మన్ననలోనే దాగి ఉంటుంది. తెలుగు మాట లోతు తెలియని పిల్ల అక్కడ నవ్వుతూ స్వాగతం పట్టిందనుకోండి.. ముద్ర సరిగ్గానే ఉంటుంది, తాళం తప్పదు, పదం మాత్రం చచ్చిపోతుంది.

వెంకటలక్షమ్మది లంబాడీ ఇల్లు. ఆమె తెలుగింట పుట్టలేదు. అయినా గురువు దగ్గర కూర్చుని, పెద్దలను అడిగి, ఒక్కో మాట వెనక ఉన్న మనసును పట్టుకున్నారు. పరాయి భాష అని పైపైన పోనివ్వలేదు. తెలుగింట పుట్టిన పిల్లలకు ఆ శ్రమలో సగం కూడా అక్కర్లేదు. కావాల్సింది అడగడం ఒక్కటే.

ఎవరిని అడగాలి? నిఘంటువులు వెతకాల్సిన పనిలేదు. హిందూపురం నుంచో, మదనపల్లె నుంచో, కుప్పం నుంచో వచ్చి కొడుకు ఫ్లాటులో ఆరో అంతస్తు బాల్కనీలో పొద్దుపోక కూర్చున్న అవ్వ ఉంటుంది. ఆమెకు నాట్యశాస్త్రం తెలియకపోవచ్చు. 'ఓసీ' అంటే ఎప్పుడు ముద్దో, ఎప్పుడు తిట్టో తెలుసు. 'పోరా' అన్న మాట 'వెళ్లొద్దు' అని ఎప్పుడవుతుందో తెలుసు. అలిగిన ఆడది కొంగు ఎలా దోపుకుంటుందో, ఎదురుచూసే ఆడది గడప మీద ఏ కాలు వేసి నిలబడుతుందో తెలుసు. నాట్యం క్లాసులో నేర్పిన చరణం సాయంత్రం ఆమెకు చదివి వినిపిస్తే చాలు. పిల్లకు అర్థం దొరుకుతుంది. అవ్వకు పొద్దు గడుస్తుంది.

టీచర్లకూ ఇందులో పని ఉంది. పదం మొదలుపెట్టే ముందు ముద్రలు చూపించే కంటే ముందే మాటలు విప్పి చెప్పడం మైసూరు పద్ధతి నేర్పిన మొదటి క్రమశిక్షణ. కన్నడ గురువుకు తెలుగు మాట దగ్గర సందేహం వస్తే క్లాసు బయట చెప్పుల దగ్గర కూర్చున్న తెలుగు తల్లులు, అవ్వలు ఎటూ ఉన్నారు. లోపలికి పిలిస్తే సరి.

వెంకటలక్షమ్మ పోయి రెండు దశాబ్దాలు దాటింది. జట్టి తాయమ్మ దగ్గర కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్ల నాటి నుంచి లెక్కేస్తే వందేళ్లు దాటింది. తాయమ్మ ముఖం మీద వెలిగిన పదం వెంకటలక్షమ్మ ముఖం మీదికి, అక్కడి నుంచి బెంగళూరు పిల్లల ముఖాల మీదికి వచ్చింది. ఇంతదూరం వచ్చిన మువ్వగోపాలుడు తెలుగింటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. 'దయచేయండి' అని పిలవాలి. ఏ అర్థంలో పిలవాలో మాత్రం ఇంట్లో అవ్వను అడిగి తెలుసుకోవాలి.